పోరుమామిళ్ల రాయి ముందు కూర్చునేదెవరు?

(కడపలో ఇచ్చిన బ్రౌన్ స్మారకోపన్యాసం పాఠం)



సి.పి. బ్రౌన్ పేరు మీద మాట్లాడమన్నప్పుడు నిఘంటువు గురించో, వేమన గురించో చెబుతానని మీరు అనుకొని ఉంటారు. 1829లో ఆయన అచ్చువేయించిన వేమన పద్యాల గురించి, 1852లో వెలువడిన నిఘంటువు గురించి నాకంటే బాగా చెప్పగలిగినవాళ్ళు ఈ సభలోనే నలుగురైదుగురు కనిపిస్తున్నారు. నేను ఆయన ఇంటి గురించి, ఆ ఇంట్లో జరిగిన పని గురించి ఆలోచిస్తూ వచ్చాను. ఒక కావ్యానికి ఎక్కడెక్కడి తాళపత్ర ప్రతులూ తెప్పించడం, జీతాలిచ్చి పండితులను కూర్చోబెట్టడం, ఒకరు చదువుతుంటే మిగతావాళ్ళు తమ ముందున్న ప్రతిలో తేడాలు పట్టుకోవడం, చివరికి శుద్ధప్రతి రాయించడం. జనం దాన్ని బ్రౌన్ కాలేజీ అన్నారు. ఛాన్సలర్ లేడు, సెనేట్ లేదు, స్నాతకోత్సవం అసలే లేదు. ఉన్నదల్లా బల్ల మీద ఒక పుస్తకం, దాని చుట్టూ కొందరు మనుషులు.

విశ్వవిద్యాలయంలో ఒక ప్రాంతం మీద ఆసక్తి ఉన్న పరిశోధకులు ఒక సమాజంగా ఎలా కూడుకుంటారు అన్నది ఈరోజు నా విషయం. నేను చెప్పదలచిన మాట చిన్నది. ప్రాంతం మీద ప్రేమ ఉన్నంత మాత్రాన పరిశోధకులు కూడుకోరు. అందరికీ పనికొచ్చే ఒక వస్తువు బల్ల మీద ఉండాలి, అది ఏ ఒక్కరూ ఒంటరిగా పూర్తిచేయలేనంత కష్టమైన పని అయి ఉండాలి. ఈ రెండూ లేని చోట ఎన్ని సెమినార్లు పెట్టినా శాలువాలే మిగులుతాయి.

మన విశ్వవిద్యాలయాల పేర్లు చూడండి. కాకతీయ, శాతవాహన, పాలమూరు, రాయలసీమ, విక్రమసింహపురి, ఆదికవి నన్నయ. పేరు వింటేనే నేల కనిపిస్తుంది. గేటు దాటి లోపలికి వెళితే అన్నిచోట్లా అవే శాఖలు, అవే సిలబస్‌లు, అదే వరస. పేరులో ఉన్న ప్రాంతం తరగతి గదిదాకా రాలేదు. పెన్నానది ఒడ్డు తీసుకుందాం. నందికొండల్లో పుట్టి, అనంతపురం, కడప, నెల్లూరు దాటి సముద్రంలో కలిసే నది ఇది. దీని పరీవాహకంలో 1981లో శ్రీకృష్ణదేవరాయ, 2006లో యోగి వేమన, 2008లో విక్రమసింహపురి విశ్వవిద్యాలయాలు వచ్చాయి. ఒకే నది నీళ్ళ మీద మూడు విశ్వవిద్యాలయాలు! ఈ మూడింటి పరిశోధకులు పెన్నా కోసం ఒకచోట కూర్చుని చేసిన పని ఏదైనా ఉందా అని ఆలోచిస్తే, నాకు చప్పున ఏదీ గుర్తుకు రావడం లేదు. మీలో ఎవరికైనా తెలిస్తే సభ అయ్యాక చెప్పండి, సంతోషిస్తాను.

అందుకే అంత పెద్ద నదిని పక్కనపెట్టి, దానిలో కలిసే ఒక చిన్న ఏటి దగ్గరికి వస్తాను. సగిలేరు. ఒకవైపు నల్లమల, లంకమల, ఇంకోవైపు వెలికొండలు, మధ్యలో ఈ ఏరు. ఈ లోయలో బద్వేలు దగ్గర పోరుమామిళ్ల ఉంది. అక్కడ కొండలను కలుపుతూ కట్టిన చెరువు ఉంది. ఆ చెరువు కట్టించిన సంగతి చెప్పే శాసనం రెండు రాతిపలకల మీద ఉంది. శకవర్షం 1291, అంటే క్రీ.శ. 1369. కట్టించినవాడు విజయనగరపు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడనే పేరు కూడా ఉంది. ఉదయగిరి నుంచి ఈ సీమను ఏలాడు.

దానశాసనాలు మనకు కొల్లలుగా ఉన్నాయి. ఎవరు, ఎవరికి, ఎంత భూమి, ఏ గ్రహణవేళ, తప్పినవాడికి ఏ పాపం. ఈ రాయి అక్కడితో ఆగలేదు. మంచి చెరువుకు పన్నెండు సాధనాలు కావాలని లెక్కపెట్టింది. ధర్మబుద్ధి గల రాజు మొదటిది. వెంటనే నీటిశాస్త్రం తెలిసినవాడు. ఆ తరువాత గట్టి నేల, తీయని నీళ్ళు మోసుకొచ్చే ఏరు, దృఢమైన రాతికట్ట, లోతూ వెడల్పూ ఉన్న గర్భం, దగ్గర్లో పొడుగాటి రాళ్ళు దొరికే గని, చుట్టూ చదునైన పొలాలు, తవ్వకం తెలిసిన జట్టు, ఇలా సాగుతుంది. ఆ పైన ఆరు దోషాలు. కట్ట కారడం, చవుడు నేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం, చెరువు నడుమ మెట్ట లేవడం, నీరు తక్కువై పారాల్సిన భూమి ఎక్కువ కావడం, భూమి తక్కువై నీరు ఎక్కువ కావడం. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తోలడానికి నూరు బండ్లు, రెండేళ్ళ పని అని కూడా ఆ శాసనమే చెబుతుంది.

ఈ శాసనాన్ని ఎపిగ్రాఫియా ఇండికా పద్నాలుగో సంపుటంలో పరిష్కరించి ప్రకటించినవారు విష్ణు సీతారామ్ సుఖ్తంకర్. తరువాత పుణెలో భండార్కర్ సంస్థ మహాభారత సంశోధిత ప్రతికి ప్రధాన సంపాదకుడయినది ఆయనే. బ్రౌన్ తన బంగళాలో చేయించిన ప్రతుల పోలికనే ఇంకా ఎంతో పెద్ద ఎత్తున, దేశం నలుమూలల లిపుల్లోని మహాభారత ప్రతులతో చేయించిన మనిషి ఒకప్పుడు మన పోరుమామిళ్ల రాయి చదివాడన్నది నాకు ఇష్టమైన సంగతి.

ఇప్పుడు ఈ రాయిని బల్ల మీద పెట్టండి. చదవాల్సింది ఎవరు? శాసనం సంస్కృతం, కాబట్టి తిరుపతి సంస్కృత విశ్వవిద్యాలయం నుంచి ఒకరు రావాలి. లిపి చదవడానికి చరిత్ర శాఖ కావాలి. గట్టి నేల అని రాసింది ఏ నేలను చూసి రాశారో భూగర్భ శాఖ చెప్పాలి. కట్ట నీళ్ళను ఎలా ఆపుకొస్తున్నదో ప్రొద్దుటూరు ఇంజినీరింగ్ కళాశాలవాళ్ళు చెప్పాలి. నీరు ఎక్కువ, భూమి తక్కువ అనే దోషం అసలు వ్యవసాయ అర్థశాస్త్రం లెక్క. ఇక ఏ తూము ఎప్పుడు తీయాలో, ఏ కయ్యకు ముందు నీరు కట్టాలో తెలిసిన నీరుగంటి ఏ శాఖలోనూ లేడు. ఆయనను ఎవరు పిలుస్తారు? ఏ హోదాలో పిలుస్తారు? ఆయన బస్సు చార్జీ ఏ పద్దు కింద రాస్తారు? నవ్వకండి, అసలు చిక్కంతా ఆ పద్దులోనే ఉంది.

మనవాళ్ళలో ఈ రాయి గురించి రాసినవాళ్ళు లేకపోలేదు. చరిత్రకారులు భాస్కరుడి కోసం రాశారు, నీటిపారుదల చరిత్ర రాసినవాళ్ళు పన్నెండు సాధనాలను ఎత్తిరాశారు. ఎవరి వ్యాసం వాళ్ళది, ఎవరి పత్రిక వాళ్ళది. రెండు రాజ్యాల పొలిమేరలో చెరువు కట్టవద్దని భాస్కరుడి పండితులు ఎందుకు హెచ్చరించారో మన శాఖల మధ్య తిరిగినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. అలాంటి చెరువుకు కట్ట తెగితే మట్టి ఎవరు పోయాలన్నది తేలదు.

పొలిమేర మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. సగిలేరు పైభాగంలో గిద్దలూరు ఉంది. అది ఒకప్పుడు కర్నూలు జిల్లా. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్ళింది. కింద బద్వేలు కడప జిల్లాలో ఉంది. ఈ చెరువు కట్టించిన రాజు కూర్చున్న ఉదయగిరి వెలికొండల అవతల నెల్లూరు జిల్లాలో ఉంది. ఏరు తన దారి మార్చుకోలేదు. దాని పక్క ఊళ్ళ కాగితాలు మాత్రం మూడు కలెక్టరేట్లకు చీలిపోయాయి. జిల్లాను ప్రాంతం అనుకొని పరిశోధన మొదలుపెట్టిన విద్యార్థి ఏటిలో సగం దగ్గరే ఆగిపోతాడు. ఇక నెల్లూరు జిల్లా శాసనాలు బటర్‌వర్త్, వేణుగోపాలచెట్టి 1905లోనే మూడు సంపుటాలుగా వేశారు. కడప మీద పనిచేసే విద్యార్థి వాటిని తెరవకపోవడానికి ఒకే కారణం, అట్ట మీద ఇంకో జిల్లా పేరుండటం.

ఇక మెకంజీ కాలానికి వెళదాం, ఎందుకంటే ప్రాంతీయ పరిశోధక సమాజం ఎలా పుడుతుందో, ఎలా చెడుతుందో చూపించే కథ మన దగ్గరే ఉంది. కర్నల్ కాలిన్ మెకంజీ సర్వేయరు. భూమి కొలతలకు వచ్చినవాడు ఊరి చరిత్రలు సేకరించాడు. చేతులూ కాళ్ళూ నోరూ మాత్రం కావలి సోదరులవి. బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. ఊరూరా తిరిగింది, కరణాలను ఒప్పించింది, శాసనాలకు నకళ్ళు తీసింది వాళ్ళు, వాళ్ళ కింద పనిచేసిన గుమాస్తాలు. కైఫియత్తులంటే ఇవే. ఊరు ఎలా పుట్టింది, చెరువు ఎవరు తవ్వించారు, గుడి మాన్యం ఎంత, ఏ పాలెగాడు ఎప్పుడు దోచాడు. దత్తమండలాల చరిత్రకు ఇంతకంటే దగ్గరి సాక్ష్యం దొరకదు.

బొర్రయ్య 1803లోనే పోయాడు. 1821లో మెకంజీ పోయాడు. లక్ష్మయ్య మిగిలాడు. ఆ కాగితాల గుట్టలో ఏది ఎక్కడుందో తెలిసిన మనిషి ఆయనే. పని కొనసాగిస్తానని అడిగాడు. కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పరిశీలించింది. జేమ్స్ ప్రిన్సెప్, బ్రాహ్మీ లిపి చదివిన అంతటి పండితుడు, ఇంత పనికి ఈ మనిషి తగడని తేల్చాడు. ఆ కాగితాలు తరువాత విలియం టేలర్ అనే మతబోధకుడి చేతికి వెళ్ళాయి. సేకరించినవాడు సహాయకుడు, చదివినవాడు పండితుడు అనే గీత అక్కడ గీశారు. ఆ గీత గీయకపోతే మద్రాసులో తెలుగువాడి నాయకత్వంలో నడిచే దక్షిణదేశ చరిత్ర మండలి ఒకటి 1830ల్లోనే ఉండేదని నా అభిప్రాయం. బ్రౌన్ విషయంలోనూ కొంత ఇదే. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య వంటివాళ్ళ పేర్లు మనకు తెలుసు. తెలిసినంతలో సంతోషమే. కాని నిఘంటువు అట్ట మీద ఒక్క పేరే ఉంది. ఆయన పేరు మీద పెట్టిన వేదిక ఎక్కి ఈ మాట అనడం తప్పుకాదనుకుంటాను, ఆయనకూ నిష్ఠూరాలాడటం బాగానే వచ్చు.

కావలి లక్ష్మయ్యకు జరిగింది ఇవాళ మన దగ్గర జరగడంలేదని గుండె మీద చెయ్యి వేసుకొని చెప్పగలమా? లంకమల అడవిలో కలివికోడి అనే పిట్ట ఉంది. 1848లో జెర్డన్ అనే వైద్యుడు దాన్ని కనుగొన్నాడు. 1900 తరువాత ఎవరికీ కనిపించలేదు, పోయిందనే అనుకున్నారు. 1986లో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లెలో మళ్ళీ దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు వెతుకుతూ వచ్చారు, పట్టుకొచ్చి చూపించినవాడు ఈ ప్రాంతపు పిట్టలు పట్టే మనిషి. ప్రపంచానికి అంతరించిన పిట్ట, ఆయనకు రాత్రిపూట బ్యాటరీలైటు వేస్తే కనిపించే పిట్ట. దానికోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ దారి మళ్ళింది. తరువాత చేసిన పరిశోధనల్లో తేలినది ఏమిటంటే, పొదల అడవి మరీ చిక్కబడినా, మరీ పలచబడినా ఈ పిట్ట ఉండదు. కట్టెలు ఎంత కొడుతున్నారు, మేకలు ఎంత మేస్తున్నాయి అన్నదానిమీద దాని బతుకు ఆధారపడుతుంది. అంటే కలివికోడి మీద పనిచేసే జంతుశాస్త్ర విద్యార్థికి మేకల కాపరి చెప్పే సంగతీ కావాలి, సంతలో మేక ధరా కావాలి, కాలువ పటమూ కావాలి. ఈ మూడూ ఒకే కారిడార్‌లో మూడు తలుపుల వెనక దొరుకుతాయి. తలుపు కొట్టేదెవరు?

కొట్టించే పద్ధతులు లేకపోలేదు. హంపిలో జాన్ ఫ్రిట్జ్, జార్జ్ మిషెల్ 1980 నుంచి రెండు దశాబ్దాలపాటు, కర్ణాటక పురావస్తు శాఖతో కలిసి విజయనగరం మీద పనిచేశారు. చలికాలం రాగానే శిథిలాల పక్కనే మకాం. వాస్తు విద్యార్థులు గోడలు కొలిచేవారు, పురావస్తువాళ్ళు పెంకులు ఏరేవారు, చరిత్రవాళ్ళు శాసనాలు చూసేవారు. ఫిలిప్ వాగనర్ రాయవాచకాన్ని 1993లో ఇంగ్లీషులోకి తెచ్చాడు. కాథ్లీన్ మారిసన్ అదే నగరపు పొలాల మీద, చెరువుల మీద 1995లో పుస్తకం రాసింది. అంతమంది పాశ్చాత్యులు అంతసొమ్ముతో రాగలిగారన్నది నిజమే, నేను దాన్ని ఆదర్శంగా చూపడంలేదు. నాకు నచ్చినది ఒకటే. పగలంతా ఎవరి పని వాళ్ళు చేసినా, రాత్రి భోజనాల దగ్గర ఒకరి కొలత ఇంకొకరి చెవిన పడింది. అది సెమినార్‌లో జరగదు. సెమినార్‌లో పత్రం చదివి మధ్యాహ్నం బండికి వెళ్ళిపోతాం.

మన దగ్గరా ఉదాహరణ ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు నడిపించిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం 1962లో వచ్చింది. నాగలి భాగాలకు, ఏతానికి, కలుపు పనికి ఏ జిల్లాలో ఏ మాట అన్నది రైతుల దగ్గరికి వెళ్ళి అడిగి కూర్చిన పని అది. ఒక్కరి మేధస్సుతో అయ్యేది కాదు, ఒక ప్రశ్నావళితో అయ్యింది. అందరూ ఒకే ప్రశ్నలు అడిగారు కాబట్టి అందరి జవాబులూ ఒకే బల్ల మీద పెట్టగలిగారు. ఆంధ్రేతిహాస పరిశోధక మండలిని 1922లో రాజమండ్రిలో పెట్టినవాళ్ళు, 1923లో కొమర్రాజు లక్ష్మణరావుగారు పోయాక ఆయన పేరుమీద హైదరాబాదులో పరిశోధక మండలి పెట్టి 1935లో తెలంగాణా శాసనములు వేసినవాళ్ళు, వకీళ్ళు, బడిపంతుళ్ళు, పత్రికలవాళ్ళు. విశ్వవిద్యాలయ ఉద్యోగాలు వాళ్ళకు లేవు. ఆ రెండు మండళ్ళూ నిలిచింది సంచికల మీద, శాసన సంపుటాల మీద. సంపుటం బయటికి వస్తున్నంతకాలం మనుషులు కలిసే ఉన్నారు. మల్లంపల్లి సోమశేఖరశర్మగారి రెడ్డిరాజ్యాల చరిత్రను 1948లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు అచ్చువేయడం వంటిది, డిగ్రీల గొడవ పక్కనపెట్టి బయటి పండితుణ్ణి లోపలికి తీసుకోవడం, ఆ తరువాత మన దగ్గర ఎంత తరచుగా జరిగిందో మీకు తెలుసు.

ఇన్ని చెప్పాక పనికి రావాలి. ఈ బ్రౌన్ భాషాపరిశోధన కేంద్రం యోగి వేమన విశ్వవిద్యాలయంలో భాగమయింది కాబట్టి నాకు ఇది మొదలుపెట్టడానికి మంచి స్థలంగా కనిపిస్తుంది. కడప జిల్లా కైఫియత్తులను ఇక్కడే అచ్చువేశారు. ఒకప్పుడు జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారు చందాలు పోగుచేసి నిలబెట్టిన చోటు ఇది, పుస్తకాలకు ఆకలి ఉన్నచోటు.

నా ప్రతిపాదన చాలా నిస్సారంగా వినిపిస్తుంది. సగిలేరు లోయలోని ఊళ్ళ పేర్ల పట్టిక. కైఫియత్తులో ఒకలా, శాసనంలో ఒకలా, పాత సర్వే పటంలో ఒకలా, రెవెన్యూ లెక్కల్లో ఒకలా, ఆ ఊరివాళ్ళ నోట ఒకలా ఉండే పేర్లు ఒకే వరసలో. కడప పేరే మూడు నాలుగు రకాలుగా రాశారు. ఇంగ్లీషు స్పెల్లింగు 2005లోనే మారింది. భూగర్భశాస్త్రవేత్తలకు విలియం కింగ్ 1872 గ్రంథం నాటి నుంచీ కడప అంటే కోట్లాది సంవత్సరాల రాళ్ళ వరస, వాళ్ళ వ్యాసాల్లో వెతికితే మన ఊరు పాత వర్ణక్రమంలోనే దొరుకుతుంది. ఇక శోధగంగలో చేర్చిన సిద్ధాంతవ్యాసాల్లో ఊరి పేరుతో వెతికే విద్యార్థికి ఒక రూపం దొరికి మూడు రూపాలు తప్పిపోతాయి. ఈ పట్టిక ఉంటే రాళ్ళవాళ్ళ వ్యాసం, పిట్టలవాళ్ళ వ్యాసం, శాసనంవాళ్ళ వ్యాసం ఒకే ఊరి దగ్గర కలుస్తాయి. ఇది ఎవరికీ పీహెచ్‌డీ తెచ్చిపెట్టదు. అందుకే ఇన్నాళ్ళూ ఎవరూ చేయలేదు.

పదోన్నతి గురించి కూడా ఒక మాట అనాలి. తెలుగులో రాసిన ప్రాంతీయ వ్యాసానికి మార్కులు దొరకడం కష్టంగా ఉండేది, ఆమోదిత పత్రికల జాబితా ఉన్నంతకాలం అందులోని పత్రికలో వచ్చిన దేనికైనా వచ్చేవి. పదోన్నతి నియమాలను ఈ గదిలో మనం మార్చలేం. ఈ పట్టికలో పనిచేసిన సహాయ ఆచార్యుడి పేరు, విద్యార్థి పేరు, దాన్ని సరిచూసిన కరణం మనవడి పేరు, తూముల పేర్లు చెప్పిన నీరుగంటి పేరు మాత్రం మొదటి పుట మీద ఒకే అక్షర పరిమాణంలో వేయగలం. అది మన చేతిలో ఉన్నదే.

నిధుల మాట అడుగుతారు. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిపోయి ఊళ్ళు కొట్టుకుపోయాక పెన్నా పరీవాహకంలో కట్టల గురించి పరిశోధనకు డబ్బు అడిగితే కాదనేవాళ్ళు ఉండరనుకుంటాను. కాని డబ్బు వచ్చేదాకా ఆగాల్సిన పని కూడా ఇది కాదు. పోరుమామిళ్లకు కడప నుంచి బస్సు ఉంది. ఒక ఆదివారం సంస్కృతంవాళ్ళు శాసనపాఠం, తెలుగువాళ్ళు దానికి వచనం, ఇంజినీరింగువాళ్ళు మట్టం కొలిచే పరికరం, భూగర్భంవాళ్ళు సుత్తి తెచ్చుకుంటే చాలు. చెరువులో నీళ్ళు తగ్గే ఎండాకాలం నడిమధ్యే మంచిది, కట్ట లోపలివైపు రాతికట్టుబడి బయటపడుతుంది. నీరుగంటి దొరికే రోజు ఏదో ముందు కనుక్కొని, ఆ రోజే పెట్టుకోండి. ఆయనకు వీలుకాకపోతే వారం వాయిదా వేయండి, మనందరి సౌకర్యం తరువాత చూసుకోవచ్చు.